పాలమూరులో పగిలిన రొట్టె

ఆరాంఘర్ నుంచి జడ్చర్ల దాకా బస్సులో నిలబడే వచ్చాను. మోకాళ్ల నొప్పి కన్నా టెన్షనే ఎక్కువ. ముంబయి హోటళ్లలో 34 ఏళ్లు వండి రిటైరైన నేను, సొంత జిల్లా జనానికి వండిపెట్టడం ఇదే మొదటిసారి. మహబూబ్‌నగర్ ఫుడ్ ఫెస్టివల్‌లో నాకు అప్పగించింది జొన్నరొట్టె, పచ్చిపులుసు, తలకాయ కూర.

కూర గురించి బెంగ లేదు. రొట్టె దగ్గరే దెబ్బ తిన్నాను. అక్కడ ఇచ్చిన ప్యాకెట్ పిండిలో మరిగే నీళ్లు పోసి కలిపి, అరచేత్తో తట్టి పెంక మీద వేస్తే అంచులన్నీ పగిలాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు, వేడినీళ్లే దాన్ని పట్టి ఉంచాలి. అది తెలిసీ ఎక్కడ తప్పుతున్నానో అంతుపట్టలేదు. ఎదురుగా జనం నిలబడి ఉన్నారు.

పక్క స్టాల్‌లో నారాయణపేట వైపు నుంచి వచ్చిన మహిళా సంఘం ఆమె లేచొచ్చి, నా పిండి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది.

"అన్నా, నీ చెయ్యి మంచిగనే ఉంది. పిండే పాతది. ఇది నిన్న గిర్నిల పట్టిచ్చిన, తీస్కో."

పచ్చజొన్నల పిండి. ఆ వాసనకి మా అమ్మ గుర్తొచ్చింది. వారానికి సరిపడా మాత్రమే పట్టించేది. గిర్ని నుంచి నేను నెత్తిన పెట్టుకొచ్చిన మూట ఇంటికి చేరేదాకా వెచ్చగానే ఉండేది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చేదాకా మా ఇంట్లో అన్నం అంటే పండుగే. రొట్టె రోజూ ఉండేది.

అదే రొట్టెకిప్పుడు, పచ్చిపులుసుతో కలిపి ప్లేటు 80 రూపాయలు పెట్టారు. పంచె కట్టుకున్న ఓ పెద్దాయన ధర అడిగి వెనక్కి తిరిగాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. పిలిచి కూర్చోబెట్టాను. కొత్త పిండితో చేసిన మొదటి రొట్టె, తడిగుడ్డ అద్ది తిప్పగానే పొంగింది. అది ఆయనకే పెట్టాను. "పెద్దయ్యా, పులుసులో ఉప్పు సరిపోయిందా?" అంటే, తలూపి గిన్నె ముందుకు జరిపాడు, ఇంకొంచెం పొయ్యమని.

పిల్లలమర్రి చూడాలనుకున్నాను, కుదరలేదు. క్లాక్ టవర్ దగ్గర ఐదు కిలోల పచ్చజొన్నలు కొనుక్కుని బస్సెక్కాను. హైదరాబాదులో మా గల్లీ గిర్నిలో గోధుమలు తప్ప పట్టరట. ఇంకో గిర్ని వెతకాలి.