ఎండకు ఆగిన అనువాదం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో పిల్లల్ని తీసుకురావద్దని అమ్మ ఏటా ఫోన్లో చెప్తూనే ఉంటుంది. డాలస్‌లో బడికి సెలవులిచ్చేదే మే చివర్లో, నేనేం చేసేది? ఈసారీ సరిగ్గా ఆ మంటల్లోనే దేవరకొండ దగ్గర మా ఊళ్లో దిగాం.

ఇక్కడికొస్తే అనువాదం డ్యూటీ పెద్దదానిది. పదహారేళ్లు దానికి. తెలుగు బాగానే వచ్చు. తొమ్మిదేళ్ల తమ్ముడికి రాదు. తప్పు నాదే. పెద్దదానితో పట్టుబట్టి తెలుగే మాట్లాడాను, వాడి దగ్గరికొచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. అందుకని అమ్మ చెప్పేది వాడికి, వాడు వాగేది అమ్మకు, పొద్దున్నించి రాత్రిదాకా ఇదే మోయాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం అది నోరు మూసుకుంది. "తమ్ముడు ఏమంటుండు బిడ్డా?" అని అమ్మ అడిగితే "ఏం లేదు అమ్మమ్మా" అంది. మూడుసార్లు అదే జవాబు. వంటింట్లోకి పిలిచి, పెద్దావిడ అడుగుతుంటే ఆ పొగరేంటని తిట్టాను.

"పొగరు కాదమ్మా. వేడికి ట్రాన్స్‌లేషన్ ఆగిపోయింది, అంతే."

సగం జోకు, సగం నిజం. ఆ ఏడాది బడిలో దానికి బయాలజీ. ఆర్ఎన్ఏలో ఉన్న సమాచారాన్ని చదివి కణం ప్రొటీన్ తయారుచేయడాన్ని ట్రాన్స్‌లేషన్ అంటారు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అదీ అనువాదమే.

కరెంటు పోయింది. అరుగు మీద కూర్చున్నాం. మూలన మెత్తబడ్డ బత్తాయిల కుప్ప, దాని మీద సన్న ఈగలు. వాటిని చూపించి మొదలుపెట్టింది. ఇటలీలో రితోస్సా అనే ఆయన ఇలాంటి పండ్ల ఈగల మీదే పనిచేస్తుంటే, ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారట. చూస్తే క్రోమోజోముల మీద కొన్నిచోట్ల కొత్త ఉబ్బులు! వేడి తగలగానే కొన్ని జన్యువులు పనిలోకి దిగాయన్నమాట. 1962లో అచ్చేశాడు. ఆ జన్యువుల నుంచి వచ్చేవే హీట్‌షాక్ ప్రొటీన్లని తర్వాత తేలింది. వేడికి ప్రొటీన్ల మడతలు విడిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, కోడిగుడ్డు ఉడికినట్టు. వాటిని పట్టుకుని మళ్లీ సరిగ్గా మడతపడేలా చూసేవి ఇవి.

"మరి ఆగిపోయేదేంది?" అంది అమ్మ. నేనడగాల్సిన ప్రశ్న అది.

ప్రొటీన్ తయారీ మొదలవ్వాలంటే ఇఐఎఫ్2 అనే ప్రొటీన్, ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో మొదటిదాన్ని మోసుకురావాలి. ఇబ్బంది వచ్చినప్పుడు దాని 51వ స్థానంలో కణం ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్కను తగిలిస్తుంది. దాంతో చాలా మటుకు తయారీ మందగిస్తుంది. తగిలించే ఎంజైములు మనలో నాలుగు. ఒకటి అమైనో ఆమ్లాలు తక్కువైతే కదులుతుంది, ఒకటి వైరస్ వస్తే, ఒకటి రక్తంలో ఇనుమును పట్టుకుని ఉండే హీమ్ తగ్గితే, ఇంకొకటి మడతపడని ప్రొటీన్లు పేరుకుపోతే.

అమ్మ విసనకర్ర ఆపలేదు. "మాకు వోల్టేజీ పడిపోతే మోటరు బంద్ వెడతం, లైటొక్కటి నడుస్తది. గంతేనా?"

"అంతే అమ్మమ్మా! కానీ ఇంకోటుంది."

నాకు నచ్చింది ఆ ఇంకోటే. అంతా తగ్గినప్పుడు ఏటీఎఫ్4 అనే ప్రొటీన్ మాత్రం పెరుగుతుంది. పెద్దది మూడుసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు, చివరికి షేర్ ఆటోతో ఎక్కింది. ఆర్ఎన్ఏను చదువుకుంటూ పోయే కణంలోని యంత్రం ఆటో అనుకోండి, ఇఐఎఫ్2 మోసుకొచ్చేది జనం. మామూలు రోజుల్లో ఆటో స్టాండు దాటగానే మొదటి మలుపులో జనం ఎక్కేస్తారు, బండి అటే పోతుంది. జనం పలచగా ఉన్న రోజు ఆ మలుపు ఖాళీగా దాటుతుంది, ముందుకెళ్లాక ఎవరో ఒకరు దొరుకుతారు. ఏటీఎఫ్4 ఊరు ఆ ముందుదే. జనం తక్కువైతేనే అక్కడికి బండి చేరుతుంది. అది తయారయ్యాక అమైనో ఆమ్లాలను సమకూర్చే జన్యువులను లేపుతుంది, ఫాస్ఫేట్‌ను ఊడగొట్టే ప్రొటీన్‌కూ దారి చూపుతుంది. ఆపినవాడే తాళంచెవి కూడా పెట్టి పోయినట్టు. ఇబ్బంది మరీ ఎక్కువకాలం ఉంటే మాత్రం అదే దారి కణాన్ని చావువైపు నడిపిస్తుంది.

నేనూరుకుంటానా? బత్తాయి చెట్లకు నీళ్లాపి బెట్టకు వదిలితే పూత బాగా వస్తుంది కదా, అదీ ఇదేనా అన్నాను. "కాదమ్మా, అది వేరే. అన్నీ కలిపేయకు. కణాలు మనుషులు కూడా కాదు," అంది. నిజమే. నేను ఆ మధ్యాహ్నమంతా పోలికలు వెతుకుతూనే ఉన్నాను. డాలస్ వెళ్లిన మొదటి చలికాలం ఫోన్లో అమ్మ ఎంత అడిగినా "బాగున్నాం, తిన్నాం, పడుకుంటున్నాం" అనే మూడు మాటలే చెప్పేదాన్ని. అప్పుడు నాన్న "దీనికి పొగరెక్కింది" అన్నాడట. అమ్మ ఆ సంగతి ఇప్పుడు, మనవరాలి ముందు బయటపెట్టింది.

ఐదున్నరకి కరెంటొచ్చింది. అమ్మ తన పెళ్లినాటి ఎడ్లబండి కథ మొదలుపెట్టి పావుగంట చెప్పింది. వాడు అక్క వైపు చూశాడు. అది ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఇంత కథకు ఇంతేనా అని వాడు ఇంగ్లిష్‌లో గొడవ.

"వాడు ఏమంటుండు?" అంది అమ్మ.

"మిగతాది రాత్రి చెప్తానన్నాను అమ్మమ్మా. ముందు ఫ్యాన్ కిందికి పోనీ."