3-1 నుంచి 3-3: భువనేశ్వర్‌లో షూటౌట్ దాకా ఎందుకు వెళ్లాం?

2023 హాకీ ప్రపంచకప్ మాటెత్తితే విజయవాడలో ఆట చూసేవాళ్లందరూ అనేది ఒక్కటే: "షూటౌట్‌లో దురదృష్టం అండీ." ఆ మాటతో మేము ఏకీభవించం. జనవరి 22న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మన జట్టు న్యూజిలాండ్ మీద షూటౌట్ సడెన్ డెత్‌లో (ఒకరు వేసి మరొకరు తప్పితే అక్కడే తేలిపోయే దశలో) 5-4తో ఓడిన మాట నిజమే. కానీ ఆ మ్యాచ్ షూటౌట్ దాకా వెళ్లాల్సిందే కాదు. చేతికొచ్చిన ముద్ద నోటికందకుండా పోయింది పెనాల్టీ కార్నర్ల (పీసీల) దగ్గర, అంటే గోల్ ముందు ఎదుటివాళ్లు తప్పు చేస్తే దొరికే అవకాశాల దగ్గర. ఆ జట్టును ఇప్పటికీ ప్రేమించేవాళ్లం కాబట్టే, జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి.

ముందు గ్రూపు సంగతి. అప్పటి పద్ధతిలో నాలుగు గ్రూపులు, గ్రూపుకి నాలుగు జట్లు. మొదటి స్థానంలో నిలిస్తే నేరుగా క్వార్టర్ ఫైనల్. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు క్రాస్‌ఓవర్ అనే అదనపు నాకౌట్ మ్యాచ్ ఆడాలి. మనవాళ్లు స్పెయిన్‌ను 2-0తో కొట్టారు, ఇంగ్లండ్‌తో 0-0, వేల్స్ మీద 4-2. ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఇంగ్లండ్‌కీ అవే ఏడు పాయింట్లు. కాకపోతే వాళ్లు వేల్స్‌కి 5, స్పెయిన్‌కి 4 వేసి ఒక్కటీ తీసుకోలేదు. గోల్స్ తేడా ప్లస్ 9. వేల్స్‌తో దిగేసరికి మనది ప్లస్ 2. అంటే గ్రూపు మనది కావాలంటే ఆ రోజు ఎనిమిది గోల్స్ తేడాతో గెలవాలి. స్పెయిన్ మ్యాచ్‌లో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ పెనాల్టీ స్ట్రోక్‌ను గోల్‌కీపర్ ఆపేసినప్పుడు "పోనీలే, గెలిచాం కదా" అనుకున్నాం. ఇలాంటి టోర్నీలో వదిలేసిన ప్రతి గోల్ లెక్కలోకి వస్తుంది.

వేల్స్ మ్యాచ్‌ని స్కోరు చూసి మర్చిపోయినవాళ్లు ఎక్కువ. అసలు హెచ్చరిక అక్కడే ఉంది. 2-0తో ముందున్నాం. మూడో క్వార్టర్ చివర్లో, 42, 44 నిమిషాల్లో, వేల్స్ రెండు పీసీలు కొట్టి 2-2 చేసింది. ఆకాశ్‌దీప్ వెంటనే 45వ నిమిషంలో గోల్ వేశాడు కాబట్టి గండం గడిచింది. మూడు రోజుల తర్వాత సరిగ్గా అదే జబ్బు తిరగబెట్టింది.

గ్రూపులో రెండో స్థానంలో నిలిచి ఆడాల్సి వచ్చిన క్రాస్‌ఓవరే న్యూజిలాండ్ మ్యాచ్. దాని వరుస చూడండి. 17వ నిమిషంలో లలిత్, 24లో సుఖ్‌జీత్, 2-0. 28లో సామ్ లేన్ ఒకటి తగ్గించాడు. 40లో వరుణ్ కుమార్ పీసీ నుంచి మూడోది వేశాడు, 3-1. ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉంది, రెండు గోల్స్ ఆధిక్యం ఉంది, గ్యాలరీ అంతా మనదే. మూడు నిమిషాల్లో కేన్ రసెల్ పీసీ కొట్టాడు. 49లో మరో పీసీ నుంచి ఫిండ్లే. 3-3. మన వైపు లెక్క చెప్పాలంటే పది పీసీలు దొరికితే గోల్ అయినవి రెండు. అందులోనూ సుఖ్‌జీత్‌ది రీబౌండ్.

పదికి రెండు అంటే ఏం పోయిందో తెలియాలంటే, పీసీ ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి.

గోల్‌పోస్టుకి 10 మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ (గోల్ ఉన్న వైపు గీత) మీద, బంతిని లోపలి నుంచి నెట్టే ఇంజెక్టర్ బంతి పెట్టుకుంటాడు. గోల్ ముందు అర్ధవృత్తంలా ఉండే డీ అంచు 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ బంతిని ఆపే స్టాపర్, అతని వెనకాల గోల్ వైపు విసిరే ఫ్లికర్. గోల్‌కీపర్‌తో కలిపి రక్షించేవాళ్లు ఐదుగురే, అందరూ బ్యాక్‌లైన్ వెనక. మిగతావాళ్లు సెంటర్ లైన్ అవతల ఉండాలి. ఇంజెక్టర్ బంతిని నెట్టగానే రక్షించేవాళ్లలో ఒకడు, ఫస్ట్ రన్నర్, నేరుగా ఫ్లికర్ మీదికి పరుగెత్తుతాడు. బంతి డీ దాటి బయటికి వచ్చాకే గోల్‌కి ప్రయత్నించాలి. స్టాపర్ ఆపిన బంతిని ఫ్లికర్ డీ లోపలికి లాగుతూ విసురుతాడు, అదే డ్రాగ్ ఫ్లిక్. మొదటి షాట్ హిట్ (కర్ర ఊపి కొట్టడం) అయితే బంతి గోల్ అడుగున ఉండే 460 మిల్లీమీటర్ల బోర్డు ఎత్తు దాటకూడదు. ఫ్లిక్‌కి ఆ నిబంధన లేదు. డ్రాగ్ ఫ్లిక్‌కి ఉన్న విలువంతా అక్కడే ఉంది.

ఇదంతా మహా అయితే రెండు సెకన్ల వ్యవహారం. అందులో చెడేవి మూడు. మొదటిది ఇంజెక్షన్. బంతి నెమ్మదిగా వచ్చినా, కొంచెం ఎగురుతూ వచ్చినా రన్నర్‌కి అదనంగా రెండు అడుగులు దొరుకుతాయి, ఆ రెండడుగులతో ఫ్లిక్ దారి మూసేస్తాడు. రెండోది స్టాప్. బంతి ఫ్లికర్ అడుగులకి జానెడు ముందో వెనకో ఆగితే అతను పరుగు సర్దుకోవాలి, వేగం అక్కడే పోతుంది. మూడోది ముందే తెలిసిపోవడం. ప్రపంచకప్‌కి వచ్చే ప్రతి జట్టూ ఎదుటి ఫ్లికర్ వీడియోలు పెట్టుకుని కూర్చుంటుంది. హర్మన్‌ప్రీత్ అప్పటికే వరుసగా రెండేళ్లు ఎఫ్‌ఐహెచ్ (అంతర్జాతీయ హాకీ సమాఖ్య) ఉత్తమ ఆటగాడు. అతను ఎటు కొట్టడానికి ఇష్టపడతాడో రన్నర్లందరికీ కంఠతా వచ్చు. అందుకే రన్నర్లు ధైర్యంగా బంతి దారిలోకే దూకారు. గోల్‌కీపర్ దాకా వెళ్లకుండానే ఆగిపోయిన ఫ్లిక్‌లు ఆ టోర్నీలో ఎన్నో చూశాం.

దీనికి మందు వేరియేషన్. డీ అంచున రెండు చోట్ల స్టాపర్, ఫ్లికర్ జతలు నిలబెట్టి, చివరి క్షణంలో ఎటు నెట్టేదీ తేల్చుకోవడం. లేదా ఫ్లికర్ కొట్టినట్టే నటించి పక్కకి జార్చడం, అతను లోపలికి పంపిన బంతిని పోస్టు దగ్గర ఇంజెక్టర్ డిఫ్లెక్ట్ చేయడం. పదిలో రెండో మూడో ఇలా వెళితే, మిగతా ఏడింటికి రన్నర్ అర క్షణం తటపటాయిస్తాడు. ఫ్లికర్‌కి కావాల్సింది ఆ అర క్షణమే. మనకి ఫ్లికర్లు లేక కాదు. హర్మన్‌ప్రీత్, అమిత్ రోహిదాస్, వరుణ్, నీలం సంజీప్ నలుగురూ జట్టులోనే ఉన్నారు. కానీ 2021లో రూపిందర్ పాల్ రిటైరయ్యాక, ఎదుటివాళ్లని సమానంగా భయపెట్టే రెండో పేరు లేకపోయింది. భారమంతా కెప్టెన్ మీద పడింది, పైగా అతను డిఫెన్స్ కూడా నడపాలి. ఒక మనిషి మీద అంత వేయడం అన్యాయం అని మా అభిప్రాయం.

హార్దిక్ సింగ్ లేని లోటు వేరు. ఇంగ్లండ్ మ్యాచ్‌లో తొడ వెనక కండరం పట్టేసి టోర్నీకే దూరమయ్యాడు. 3-1తో ముందున్న జట్టుకి కావాల్సింది బంతిని దగ్గర పెట్టుకుని టైము గడిపే మిడ్‌ఫీల్డర్. మన జట్టులో ఆ పని అందరికంటే బాగా చేసేది అతనే. అతను లేక బంతి త్వరత్వరగా పోగొట్టుకున్నాం, ఎదుటివాళ్లు మన డీలోకి వచ్చారు, వచ్చినవాళ్లకి పీసీలు దొరికాయి. గోల్ తిన్న విధానం డిఫెండర్ల ఖాతాలో రాస్తారు గానీ, దాని మొదలు నలభై మీటర్ల ముందే ఉంటుంది.

ఇక షూటౌట్. 23 మీటర్ల గీత మీద బంతి, ఎనిమిది సెకన్లు, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. విజిల్ పడగానే ఇద్దరూ కదలొచ్చు. కీపర్ మొదటి రెండు మూడు సెకన్లలోనే ముందుకొచ్చి కోణం తగ్గిస్తాడు. తర్వాత అతని పనల్లా ఆటగాడిని పక్కకి, బ్యాక్‌లైన్ వైపు తోయడం, కర్ర తిప్పి పట్టి రివర్స్ స్టిక్‌తో కొట్టక తప్పని పరిస్థితి కల్పించడం. ఆటగాడు కీపర్‌కి మరీ దగ్గరయ్యేదాకా ఆగితే బంతి ప్యాడ్లకి తగులుతుంది, మరీ ముందే మలుపు తిరిగితే కీపర్‌కి లేచి మళ్లీ అడ్డుపడే టైము ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ చిన్న కిటికీని అలసిన కాళ్లతో, అరవై నిమిషాలు ఆడాక కనిపెట్టాలి. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆ రాత్రి చేయగలిగిందంతా చేశాడు, దెబ్బ తగిలి తప్పుకునేదాకా నిలబడ్డాడు. అతన్ని ఎవరైనా ఒక్క మాటన్నా మాకు కోపం వస్తుంది.

ఆ ఓటమితో 9 నుంచి 16 స్థానాల మ్యాచ్‌లకి పడిపోయాం. జపాన్‌కి 8-0, దక్షిణాఫ్రికాకి 5-2 వేసి, అర్జెంటీనాతో కలిసి తొమ్మిదో స్థానం పంచుకున్నాం. 2010లో ఢిల్లీలో ఎనిమిదో స్థానానికే బాధపడినవాళ్లం, ఒడిశాలో అంతకంటే కిందికి వచ్చాం. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిపెట్టిన కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశాడు. విజయవాడ నుంచి భువనేశ్వర్ ఒక్క రాత్రి రైలు ప్రయాణం. క్వార్టర్ ఫైనల్ ఆశతో ప్లాన్ వేసుకున్న మనవాళ్లకి ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ జట్టు విషయంలో అది తలకిందులైంది. కొత్త కోచ్‌గా క్రెయిగ్ ఫుల్టన్ వచ్చాడు, ముందు గోల్ తినకుండా ఉండటం నేర్పాడు, మానసిక శిక్షణకి ప్యాడీ అప్టన్ తోడయ్యాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే రోహిదాస్‌కి రెడ్ కార్డు. పది మందితో నలభై నిమిషాలకి పైగా ఆడి 1-1 నిలబెట్టి, షూటౌట్ 4-2తో గెలిచారు. హర్మన్‌ప్రీత్, సుఖ్‌జీత్, లలిత్, రాజ్‌కుమార్ పాల్ నలుగురూ తప్పకుండా కొట్టారు. పారిస్‌లో హర్మన్‌ప్రీత్ గోల్స్ మొత్తం 10. ఒక్క మచ్చ ఏమిటంటే, సస్పెన్షన్ వల్ల రోహిదాస్ సెమీస్‌కి లేడు. పీసీల్లో మన ఫస్ట్ రన్నర్ అతనే. జర్మనీ తరఫున పేయాట్ పీసీ నుంచి గోల్ వేశాడు, 3-2తో ఓడాం. రన్నర్ విలువ ఎంతో ఆ రోజు అర్థమైంది. స్పెయిన్‌ను 2-1తో కొట్టి కాంస్యం మళ్లీ తెచ్చుకున్నాం.

ఇక్కడి పిల్లల కోసం ఒక మాట. విజయవాడ, గుంటూరు స్కూలు గ్రౌండ్లు చాలావరకు మట్టివే. గుంటూరు వైపు నల్లరేగడి అయితే ఎండాకాలం పగుళ్లు, వానాకాలం బురద. ఆ నేల మీద బంతి ఎగురుతుంది కాబట్టి పీసీ మొత్తం ఒకేసారి ప్రాక్టీసు చేస్తే ఏదీ కుదరదు. ముక్కలుగా విడగొట్టండి. డీ గీయడానికి 14.63 మీటర్ల తాడు చాలు. ఒక్కో గోల్‌పోస్టు దగ్గర తాడు కొస పట్టుకుని పావు వృత్తం గీసి, రెండింటినీ 3.66 మీటర్ల తిన్నని గీతతో కలపండి. ఇంజెక్షన్ దారి ఒక్కటే అడుగున్నర వెడల్పున చదును చేసి, నీళ్లు చల్లి, రోలరో బరువైన పలకో లాగితే బంతి నేలకి అతుక్కుని వస్తుంది. ఇంజెక్టర్, స్టాపర్ ఇద్దరే ఇరవై బంతులు చేయాలి. ఆగిన చోట సున్నంతో గుర్తు పెట్టండి, ఆ గుర్తులన్నీ ఒక పళ్లెమంత జాగాలో పడేదాకా ఫ్లికర్‌ని పిలవొద్దు.

డ్రాగ్ కదలికకి బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు మంచిది. కర్ర అరిగిపోకుండా బ్లేడు అడుగున టేపు చుట్టుకోవాలి. బంతిని వెనక పాదానికి పక్కగా, ఒంటికి దూరంగా అందుకోవాలి. ఒంటికి దగ్గరగా తీసుకుంటే కర్ర మీద నిలవక జారిపోతుంది. ముందు పాదం మరీ త్వరగా గోల్ వైపు తిరిగితే నడుము తిరగడానికి చోటుండదు, అంతా చేతి బలంతోనే లాగాల్సి వస్తుంది, నడుం నొప్పి అక్కడే మొదలవుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకి రోజుకి ముప్పై ఫ్లిక్‌లు మించనివ్వొద్దు. మే నెలలో అయితే ఉదయం ఏడులోపే ముగించాలి. మాస్కు, గ్లోవ్స్, మోకాలి ప్యాడ్లు లేకుండా ఎవరినీ రన్నర్‌గా నిలబెట్టొద్దు, ఈ విషయంలో "ఒక్కసారికి ఏం కాదులే" అనే మాటే వద్దు. రన్నర్ బదులు ఒక కుర్చీ పెట్టినా సరిపోతుంది, ఫ్లికర్‌కి దారి ఎక్కడ మూసుకుంటుందో కనిపిస్తుంది. కాకినాడ టర్ఫ్ మీద టోర్నీకి వెళ్లేముందు మాత్రం ఒక రోజు ముందే చేరుకుని, తడి టర్ఫ్ మీద స్టాపింగ్ ఒక్కటైనా చేసి చూడండి. అక్కడ బంతి వచ్చే వేగానికి మట్టి మీద అలవాటైన చేతులు ఆలస్యమవుతాయి.