నూటపదహారు గళ్ళు

మా అమ్మాయి తరంగం చేయబోతోందని వాళ్ళ కూచిపూడి మాస్టారు చెప్పిన రోజే నాకు కెమెరా టెన్షన్ మొదలైంది. 2017 సెప్టెంబరు సంగతి. ప్రోగ్రాం నవంబరు ఆఖర్లో, విజయవాడ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, దాన్ని పాదాలతోనే ముందుకీ వెనక్కీ జరుపుతూ, తాళం తప్పకుండా ఆడాలి. ఏడో తరగతి పిల్ల. పడిపోతుందేమోనని మా అత్తగారి భయం. ఆ పది నిమిషాలకీ ఒక్క మంచి ఫొటో కూడా మిగలదేమోనని నా భయం.

అంతకుముందు ఏడాది ఫోన్‌తో తీసినవి చూస్తే పిల్లలందరి మొహానా బియ్యప్పిండి రాసినట్టుంది. స్టేజీ వెనకంతా నల్లటి తెర. ఫోను ఆ నలుపు చూసి చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. దాంతో లైటు కింద ఉన్న మొహం కాస్తా తెల్లబోతుంది. ఇక చేతుల దగ్గర ముద్రలు కాదు, పొగ కనిపిస్తుంది.

అంతకంటే ముందు 2010లో కొన్న చిన్న కెమెరా ఒకటి బీరువాలో ఉంది. ఏ కంపెనీదో చెప్పను. పెట్టె మీద 14 మెగాపిక్సెల్స్ అని ఇంత పెద్ద అంకె చూసి మురిసిపోయి తెచ్చుకున్నాం. ఎండలో బాగానే తీసేది. రాత్రిపూట పెళ్ళి మండపంలో తీస్తే పట్టుచీర జరీ అంచు కరిగిన మైనంలా వచ్చేది. అందుకని ఈసారి పెట్టె మీద అంకెల్ని నమ్మకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

మా తమ్ముడు గుడివాడలో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. వాణ్ణే వచ్చి తీయమంటే, "ఆ వారమంతా ముహూర్తాలే అక్కా, కదల్లేను. నా పాత డీఎస్ఎల్ఆర్ ఉంది, లెన్సుతో సహా పట్టుకుపో" అన్నాడు. ఆ లెన్సు ఎత్తి చూశాను. రోలుకి పట్టే పొత్రంలా ఉంది. స్కూటీ మీద కాలేజీకి వెళ్ళే దాన్ని నేను. హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన పట్టేదే రోజూ నాతో ఉంటుంది. పట్టనిది పండగకి కూడా బయటికి రాదు. "జేబులో పట్టేదే కావాలిరా" అన్నాను. "అయితే సెన్సర్ సైజు చూసుకో, లోపల వెలుతురు పట్టే చిప్పు అదే, మిగతావి తర్వాత" అని ఫోన్ పెట్టేశాడు.

సెన్సర్ సైజుల దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. "1/2.3 ఇంచ్" అని రాసి ఉంటే ఇంచిని 2.3తో భాగించి దాదాపు 11 మిల్లీమీటర్లు అనుకున్నాను. కాదట. సెన్సర్లు రాకముందు టీవీ కెమెరాల్లో గాజు ట్యూబులు ఉండేవి. ఈ కొలతలు ఆ గాజు గొట్టం బయటి వ్యాసం లెక్కలో వచ్చిన పేర్లు. ట్యూబులు పోయినా పేర్లు ఉండిపోయాయి. "1 ఇంచ్ సెన్సర్" అన్నదాన్ని ఎటు నుంచి కొలిచినా ఇంచి ఉండదు. నిజానికి అది 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. చవక కాంపాక్ట్ కెమెరాల్లో ఉండే 1/2.3 అయితే 6.2కి 4.6 మాత్రమే.

ఆ రాత్రి మా అమ్మాయి గ్రాఫ్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రెండు ముక్కలు కత్తిరించాం. ఒక్కో చిన్న గడి ఒక్కో చదరపు మిల్లీమీటరు. చిన్న ముక్కలో 28 గళ్ళు వచ్చాయి. శనగబద్దంత ఉంది. పెద్ద ముక్క నా బొటనవేలి గోరుకి సరిపోయింది. దానికి పొడవుని వెడల్పుతో గుణించి, "నూటపదహారు అమ్మా!" అంది పిల్ల. పక్కనే వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తి, "శుభం, అదే తీసుకో" అన్నారు. ఆవిడకి సెన్సర్ అంటే ఏమిటో తెలియదు గానీ నూటపదహార్లంటే తెలుసు. మా తమ్ముడు పెళ్ళిళ్ళలో వాడే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి కూడా కత్తిరించింది. 36కి 24, అంటే 864 గళ్ళు. అది చూశాక మామయ్య మీద దానికి గౌరవం పెరిగింది.

వాన కురుస్తుంటే గిన్నె పెట్టినా గంగాళం పెట్టినా పడేది అదే వాన, నిండే నీళ్ళలోనే తేడా. వెలుతురుకి సెన్సరూ అలాంటి గిన్నే. ఎండలో వెలుతురు కుండపోతగా ఉంటుంది కాబట్టి గిన్నె కూడా నిండిపోతుంది. స్టేజీ మీద తుంపరే. నిండని గిన్నెని నిండినట్టు చూపించడానికి కెమెరా ఐఎస్ఓ అనే అంకె పెంచుతుంది. అప్పుడు ఫొటో అంతా రవ్వరవ్వగా అవుతుంది. ఆ రవ్వ కనబడకుండా కెమెరాయే లోపల నునుపు చేస్తుంది. ఆ నునుపులోనే జడ వెంట్రుకలూ జరీ పోగులూ కొట్టుకుపోతాయి. 2010 కెమెరా చేసింది ఇదే.

ఇంత తెలిసినా జూమ్ మీద ఆశ పోలేదు. 40 రెట్ల జూమ్ ఉన్న కెమెరా ఒకటి, ఒక ఇంచ్ సెన్సర్ వాటిలో సగం ధరకే వస్తోంది. మావారు దానికే ఓటు వేశారు. "కొల్లేరు వెళ్తే కొంగల్ని కూడా తీయొచ్చు" అన్నారు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో మేం కొల్లేరు వెళ్ళింది ఒక్కసారి. ఆ కెమెరా జూమ్ పూర్తిగా లాగితే లెన్సు ఎఫ్ 6.9కి ముడుచుకుంటుంది. ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు వచ్చే దారి ఇరుకవుతుంది. ఎఫ్ 2.8తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు ఆరో వంతు. అసలే 28 గళ్ళు, అందులో ఆరో వంతు వెలుతురు.

అసలు నాకెంత జూమ్ కావాలి? ఇంకేదో కార్యక్రమం ఉంటే కళాక్షేత్రానికి వెళ్ళి, ఐదో వరుస నుంచి స్టేజీ దాకా అడుగులు వేసి లెక్కపెట్టాను. స్టేజీ మధ్యకి దాదాపు 10 మీటర్లు. మిగతాది సరూప త్రిభుజాలు. కెమెరా వివరాల్లో జూమ్ ఎంతో చెప్పే కొలత 35 ఎంఎం ఫిల్మ్ లెక్కలో ఉంటుంది. ఫిల్మ్ ఫ్రేము ఎత్తు 24 మిల్లీమీటర్లు. 100 ఎంఎం దగ్గర, 10 మీటర్ల దూరంలో, ఫ్రేములో పట్టేది 2.4 మీటర్ల ఎత్తు. పిల్ల, పైకెత్తిన చేతులు, కింద పళ్ళెం, చుట్టూ కాస్త ఖాళీ అన్నీ సరిగ్గా సరిపోతాయి. ఆ 40 రెట్ల దాన్ని చివరిదాకా లాగి 960 ఎంఎం పెడితే ముక్కుపుడక తప్ప ఏమీ కనిపించదు. బోర్డు మీద పిల్లలకి ఇన్నేళ్ళుగా చెప్పిన లెక్క నాకు డబ్బు మిగిల్చిన సందర్భం ఇదొక్కటే. మిగిల్చిందని అనుకున్నాను, చివరికి బిల్లు 30 వేల బడ్జెట్ దాటి 40 పైకి వెళ్ళింది.

ఆఖరికి రెండు మిగిలాయి. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2. రెంటికీ 116 గళ్ళే, రెంటికీ 20 మెగాపిక్సెల్సే, లెన్సు రెంటికీ ఎఫ్ 1.8 నుంచి 2.8. సోనీలో కన్ను ఆనించి చూసే, పైకి లేచే వ్యూఫైండర్ ఉంది, ఒక చార్జికి 320 ఫొటోలు అని రాశారు. కెనాన్‌లో వ్యూఫైండర్ లేదు, ఫొటోలు 265. కానీ సోనీ లెన్సు 70 ఎంఎం దగ్గర ఆగిపోతుంది, కెనాన్ 100 దాకా వెళ్తుంది. 70లో తీసి తర్వాత కత్తిరించుకుంటే 20 మెగాపిక్సెల్స్‌లో సగమే మిగులుతాయి. వైఫై, టచ్ స్క్రీన్ లాంటివి చదివాను గానీ నాకు అక్కర్లేదు. బ్యాటరీ అంకె కూడా అలాగే చదివి వదిలేశాను.

గవర్నరుపేటలో ఒక షాపుకి నా మెమరీ కార్డు పట్టుకుని వెళ్ళాను. కౌంటరు దగ్గర ట్యూబులైట్ల వెలుతురులో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చిన చీకటి మూల చూసి, "అక్కడ తీయొచ్చా?" అన్నాను. ఓనరు గారు వింతగా చూశారు గానీ కాదనలేదు. షాపు కుర్రాణ్ణి అక్కడ నిలబెట్టి చేతులు ఊపమన్నాను. షట్టరు సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 3200. ఆ రెండూ, పోలికకి 40 రెట్లదీ, మూడు కెమెరాలతోనూ అవే సెట్టింగులతో మొదలుపెట్టాను. 40 రెట్ల దాని లెన్సు చాలక ఫొటో నల్లగా వస్తే, దానికి షట్టరు వేగం తగ్గించాల్సి వచ్చింది. నా బ్యాగులోంచి మా అమ్మ పాత జరీ జాకెట్టు ముక్క తీసి ఆ అబ్బాయి భుజాన వేస్తే సిగ్గుపడిపోయాడు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాం. 40 రెట్ల దానిలో జరీ ఒక పసుపు చార, చేయి పొగ. మిగతా రెంట్లోనూ రవ్వ ఉంది కానీ, ఆ రవ్వ మధ్యలోంచి జరీ పోగు పోగుగా కనిపించింది, వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య తేడా పట్టుకోవడం నా వల్ల కాలేదు. తమ్ముడికి పంపితే, "రెండూ ఒకటే అక్కా, నీ 30 మిల్లీమీటర్లు ఏది ఇస్తే అది కొనుక్కో" అన్నాడు. కెనాన్ కొన్నాను.

కొనేటప్పుడు ఓనరు గారు గొంతు తగ్గించి, "బిల్లు వద్దంటే ఆరు వేలు తగ్గుతుంది మేడమ్, ఇంపోర్టెడ్ పీసు" అన్నారు. అప్పట్లో కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం. అది 18కి తగ్గింది 2019 జనవరిలో. మనసు ఊగిన మాట నిజం. కానీ బిల్లు లేకపోతే ఇక్కడి వారంటీ ఉండదు. లెన్సు బయటికీ లోపలికీ జరిగే కెమెరాకి వారంటీ లేకపోతే నాకు నిద్ర పట్టదు. బిల్లే తీసుకున్నాను.

ప్రోగ్రాం రోజున ఫ్లాష్ ఆపేశాను. ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపమూ ఆపేశాను. అది పిల్లల కళ్ళల్లో పడుతుందని రెండు రోజుల ముందు హాల్లో ప్రాక్టీసు తీస్తుంటే తెలిసింది. షట్టరు 250వ వంతు దగ్గర కట్టేసి, నల్లతెర మోసం చేయకుండా ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించాను. మొదటి ఐటమ్‌లోనే మొహాలు మొహాల్లా వచ్చాయి. పొంగిపోయి అందరి పిల్లల్నీ తీయడం మొదలుపెట్టాను. పక్క సీటు వాళ్ళమ్మాయి చేసిన 'శబ్దం' ఐటమ్, వెనక సీటు వాళ్ళ కవలల జతిస్వరం, అన్నీ.

వెనక వరుసలోంచి ఒక పెద్దాయన భుజం తట్టి, "అమ్మా, ఆ వెలుగు కాస్త తగ్గించమ్మా, కళ్ళల్లో కొడుతోంది" అన్నారు. వ్యూఫైండర్ లేని కెమెరాకి స్క్రీనే గతి. చీకటి హాల్లో అది పెట్రోమాక్స్ లైటులా వెలుగుతోంది. బ్రైట్‌నెస్ తగ్గించి పమిట చాటు పెట్టుకున్నాను.

పళ్ళెం తెచ్చి స్టేజీ మీద పెట్టేసరికి బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది 265. స్క్రీను రెండు గంటలుగా ఆరకుండా వెలుగుతోంది మరి. ఇక లెక్కపెట్టుకుని తీశాను. కాళ్ళు కుదురుకున్నాక రెండు, ముందుకి జరుగుతుంటే నాలుగు. పద్నాలుగోది తీశాక లెన్సు దానంతటదే లోపలికి వెళ్ళిపోయింది. మిగతా తరంగం కళ్ళతోనే చూశాను. మంగళానికి ఫోన్ తీశాను.

పద్నాలుగింట్లో తొమ్మిదో ఫొటో నిలిచింది. కాలి వేళ్ళు పళ్ళెం అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నాయో, గోళ్ళు తెల్లబడటం కూడా కనిపిస్తుంది. 5472కి 3648 పిక్సెల్స్ ఫొటో. 12కి 18 ఇంచుల సైజులో వేయిస్తే ఇంచికి 300 చుక్కలు పడతాయి, అంతకంటే పెద్దదానికి మా హాల్లో గోడ కూడా లేదు. దాని పక్కనే మంగళం ఫొటో, ఫోన్‌లోది, 4కి 6 సైజులో ఉంది. అంతకు మించి పెద్దది చేస్తే బియ్యప్పిండి బయటపడుతుంది. ఆ ఫొటో ముందు నిలబడి మా అత్తగారు, "ఇందులో పిల్ల నవ్వుతోంది, దీన్ని పెద్దది చేయించకపోయావా?" అని ఇప్పటికీ అడుగుతారు. ప్రోగ్రాం మర్నాడే వెళ్ళి రెండో బ్యాటరీ కొన్నాను, దానికి కూడా బిల్లు తీసుకున్నాను.