అమెరికా పక్కన

మంగళవారం. ఇంకా పందొమ్మిది రోజులు.

ఈ రోజు నాయనకు తొలి ట్రిప్పు. నాలుగింటికే లేచి స్నానం చేసి, నామం పెట్టుకుని, గడప దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. ఆర్టీసీలో ఘాట్ రోడ్డు డ్రైవరు ఆయన. నేను నర్సింగ్ చదవడానికి గ్రెనేడా పోవడం ఖాయమై నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ ఫీజు సంగతి అడిగాడు, తిండి సంగతి అడిగాడు, ఎవరితో ఉంటానో పదిసార్లు అడిగాడు. మనసులో ఉన్న అసలు ప్రశ్న ఈ రోజే బయటికి వచ్చింది.

"ఆడ స్టీరింగు ఏ పక్కన ఉంటాది పాపా?"

"కుడి పక్కనే నాయనా. మన మాదిరే ఎడమ పక్కన పోతారు. వాళ్ళనూ ఇంగ్లీషోళ్ళే ఏలినారు కదా."

"కొండలా, బయలా?"

"అంతా కొండలే. మినీ బస్సులు తిరుగుతాయంట. దిగాలంటే లోపల టకటకా తట్టాలంట."

"మలుపులో హారన్ కొడతారా?"

"కొడతానే ఉంటారంట."

దాంతో ఆ దేశం ఆయన దగ్గర పాసైపోయింది. వాళ్ళకు 1974లో స్వాతంత్ర్యం వచ్చిందనీ, తిరుమల రెండో ఘాట్ రోడ్డు తెరిచింది కూడా ఆ ఏడేననీ చెప్పాను. "అట్నా!" అన్నాడు. రెండిట్లో ఆయనకు ఏది పెద్ద సంగతో నేను అడగలేదు, మొహంలోనే తెలిసింది.

ఒక విషయం ఇక్కడ ఒప్పుకోవాలి. "ఏ దేశమమ్మా?" అని ఎవరు అడిగినా ఇన్నాళ్ళూ "అమెరికా పక్కన" అని తప్పించుకుంటున్నాను. పాలాయనకు, కిందింటి ఆంటీకి, ఇంటర్ చదివిన కాలేజీలో లెక్చరర్‌కు కూడా అదే చెప్పాను. మ్యాపు తీస్తే అది అబద్ధమే. గ్రెనేడా కరీబియన్ దీవుల వరసలో దక్షిణం కొసన ఉంది. దగ్గర్లో ఉన్న పెద్ద దేశం వెనిజులా. చుట్టూ ఉన్న చిన్న దీవులను కలుపుకున్నా మొత్తం 344 చదరపు కిలోమీటర్లు. జనం లక్ష పైచిలుకు. వరస సెలవులొస్తే రెండు రోజుల్లో మన కొండ మీద దర్శనం చేసుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువ.

నిజం చెప్తే వెంటనే "అదెక్కడ?" అంటారు. ఆ తర్వాత "తిరుపతిలో నర్సింగ్ కాలేజీలు లేవా?" అంటారు. ఎందుకు లేవు, ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో రెండు మూడు కనపడతాయి. కానీ మా పెద్దమ్మ కూతురు గ్రెనేడాలో మెడిసిన్ చదువుతోంది. ఆమె ఉండే ఇంట్లో ఇంకో గది ఖాళీ అయింది. చదువయ్యాక అమెరికాలో నర్సు లైసెన్సుకు పెట్టే ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలని నా ఆశ. ఆ పరీక్షలో మనం చెప్పే జవాబును బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు. ఇదంతా పాలాయనకు గిన్నె పట్టుకుని నిలబడి ఎలా చెప్పను? అందుకే అమెరికా పక్కన.

అక్క ఒకసారి ఫోన్లో అంది, "ఇక్కడ ట్రైనింగ్ అయిన నర్సులు ఇక్కడ నిలవరే, ఇంగ్లండో కెనడానో వెళ్ళిపోతారు" అని. ఆ మాట వింటే కొంచెం సిగ్గేసింది. నేనూ ఆ దోవనే దాటిపోవాలని చూస్తున్నదాన్నే కదా.

తొమ్మిదింటికి ల్యాబు. టీబీ ఉందో లేదో చూసే మాంటూ టెస్టుకు శనివారం చేతికి సూది వేశారు, ఈ రోజు చూడాలి. టెక్నీషియన్ స్కేలు పెట్టి కొలిచి "14 మిల్లీమీటర్లు" అన్నాడు. గుండె గుభేల్‌మంది. "పుట్టినప్పుడు టీబీ రాకుండా బీసీజీ టీకా వేసుంటారు కదమ్మా, మన దేశంలో చాలామందికి ఇట్లాగే ఉబ్బుతుంది, ఎక్స్‌రే తీయించి పెట్టెయ్" అని రసీదు చేతిలో పెట్టాడు. నర్సు కాబోయేదానికి ఇంత టెన్షనా అనుకుని ఎక్స్‌రే గది ముందు కూర్చున్నాను. ఛాతీ శుభ్రంగానే ఉంది. నాలుగు వందలు.

అక్కడి నుంచి కోర్టు దగ్గరికి. ఈ రోజు సగం దానికే పోయింది.

పేర్లు కలవడం లేదని కాలేజీ వాళ్ళు పోయిన వారం మెయిల్ పెట్టారు. టెన్త్ మెమోలో నేను "ఎం. రేవతి". పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో "మునస్వామి", పేరు గడిలో "రేవతి". ఎం అంటే మా తాత పేరు. నాయనను బడిలో వేసినప్పుడు వాళ్ళ నాయన పేరును ఇనీషియల్‌గా పెట్టారు. నన్ను వేసినప్పుడు హెడ్మాస్టరు నాయన ఇనీషియల్‌నే నాకూ దించేశాడు. మా చిత్తూరు వైపు ఇళ్ళల్లో ఇది మామూలే, అరవ పద్ధతి కొంత, మన పద్ధతి కొంత. మాకు అసలు ఇంటిపేరు వేరే ఒకటుంది గానీ అది పెళ్ళి పత్రికల్లో తప్ప ఎక్కడా కనపడదు. పాస్‌పోర్టు అప్పుడు ఇంటిపేరు అడిగితే ఎం విడదీసి రాసేశాం. అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు "ఈ ఇద్దరూ ఒకరే" అని స్టాంపు పేపరు మీద ప్రమాణం చేయాలి.

చెట్టు కింద టైపు కొట్టే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. కళ్ళద్దాలకు ఒక పక్క దారం కట్టుంది.

"ఏ దేశానికి?"

అమెరికా పక్కన అనబోయి ఆగాను. అఫిడవిట్‌లో అట్లా రాయరు కదా. "గ్రెనేడా" అన్నాను.

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. "గ్రెనేడా? బాంబా?"

పక్కన కూర్చున్న ఇద్దరు ప్లీడరు గుమాస్తాలు కూడా తిరిగి చూశారు. కాదు సార్, దేశం, వెస్టిండీస్ వైపు అన్నాను. "ఆ ముక్క ముందే చెప్పాల కదమ్మా!" అని అద్దాలు తీసి పెట్టి క్రికెట్ మొదలుపెట్టాడు. వెస్టిండీస్ అని ఒక దేశం లేదని, ఒక్కో దీవి ఒక్కో దేశమని, ఆటకు మాత్రం అందరూ కలుస్తారని నేను ఈ నాలుగు నెలల్లో నేర్చుకున్నాను, ఆయనకు ముప్పై ఏళ్ళ నాడే తెలుసట. "వీరసామి పెరుమాళ్ అని ఒక స్పిన్నరు ఉండె, గయానా వాడు. పేరు చూడు! అరవోళ్ళు మన స్వామినే కదా పెరుమాళ్ అంటారు. ఆ పేరు అంత దూరం యెట్ల పాయ?"

ఎట్లా పోయిందో నేను చదివాను. చెరకు తోటల్లో పని చేయడానికి మనవాళ్ళను ఒప్పందం కూలీలుగా ఓడల్లో తీసుకుపోయారు. ఎక్కువ ఓడలు కలకత్తా నుంచి, కొన్ని మద్రాసు నుంచి. మద్రాసులో ఎక్కినవాళ్ళలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. గయానాకు 1838లో, ట్రినిడాడ్‌కు 1845లో, గ్రెనేడాకు 1857లో మొదటి ఓడలు చేరాయి. ఎక్కేవాడికి ఉన్నది ఒకటే పేరు. దొర తన చెవికి వినపడినట్టు రాసుకున్న ఆ పేరే పిల్లల కాలానికి ఇంటిపేరై కూర్చుంది. గయానాలో మూన్‌సామీ అని ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఉన్నారు. మన మునసామే.

"అయితే నీకూ అదే జరిగింది," అన్నాడు పెద్దాయన, మళ్ళీ టైపు అందుకుంటూ. "నువ్వు ఇంకా ఓడ కూడా ఎక్కలా."

నోటరీ దగ్గర గంటన్నర. అది రాయడానికి ఏమీ లేదు.

మధ్యలో టికెట్ల ఆయన దగ్గర నుంచి ఫోను. చెన్నై నుంచి టికెట్ చాలా చౌకగా దొరికిందట, వెంటనే కట్టేయమన్నాడు. వివరాలు పంపించమంటే చూద్దును కదా, దిగే ఊరు గ్రనాడా, స్పెయిన్. నాలుగు నెలల్లో ఇది రెండోసారి. మూడక్షరాల ఎయిర్‌పోర్టు కోడ్ చూసుకోండి అన్నా అని చెప్పి పెట్టేశాను. కట్టుంటే నేను ఏ ఖండంలో దిగేదాన్నో!

సాయంత్రం గాంధీ రోడ్డులో చిన్న కుక్కరు, రెండు ప్లగ్గు అడాప్టర్లు. అక్కడా మన లాగే 230 వోల్టులే, పిన్నులు మాత్రం ఇంగ్లండు రకం, బల్లపరుపుగా మూడు. ఊరిబిండి పచ్చడికి రోలు కొనుక్కుపోతానంటే అమ్మ బరువు లెక్క చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి అవ్వ వరండాలో నులక మంచం మీద కాళ్ళు చాపుకుని చెనక్కాయలు ఒలుస్తోంది. దామలచెరువు దగ్గరి రెండెకరాల మామిడి తోట అవ్వ పేరు మీదే ఉంది, నా లోను కోసం ఇప్పుడు బ్యాంకులో ఉంది. వేలిముద్ర వేసిన రోజు కూడా అవ్వ ఆ దేశం పేరు అడగలేదు. అందరి కంటే ఎక్కువ పెట్టినామెకే నేను ఏమీ చెప్పలేదని ఈ రోజు తట్టింది. ఫోన్లో వాళ్ళ జెండా తీసి చూపించాను.

ఎరుపు, పసుపు, పచ్చ, చుక్కలు. అవ్వ ఫోను దూరంగా పట్టుకుని ఎడమ పక్కనున్న బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇది జాజికాయ కదమే!"

నిజంగా జాజికాయే. చిట్లిన కాయలోంచి ఎర్రగా జాపత్రి కనపడుతూ. నాకు చెప్తే గానీ తెలియలేదు, అవ్వ ఒక్క చూపులో పట్టేసింది. లోపలికి పోయి ఉగ్గుగిన్నె పెట్టుకునే డబ్బా తెచ్చింది. అందులో సగం అరిగిన జాజికాయ. నాకు, తమ్ముడికి, అంతకుముందు నాయనకు సానరాయి మీద రెండు చుట్లు అరగదీసి నాకించింది. "జెండా మీద వేసుకున్నారంటే దాన్ని నమ్ముకున్నోళ్ళే" అంది.

ఉన్న సంగతంతా చెప్పాను. 2004 సెప్టెంబరులో ఐవాన్ తుఫాను వచ్చి జాజి చెట్లను పెకిలించేసిందని, ఊళ్ళల్లో ఇళ్ళ కప్పులు చాలావరకు లేచిపోయాయని, 2024 జులైలో బెరిల్ అనే ఇంకోటి పక్క దీవిని కొట్టిందని. హరికేన్ అని పేరు గానీ మన తుఫానే. అమ్మ వంటింట్లోంచి "ఈ కథలన్నీ ఇప్పుడా చెప్పేది?" అని అరిచింది. 2021 నవంబరులో మా వీధిలో నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందని రాత్రంతా మేలుకున్నప్పుడు కూడా అమ్మ ఇట్లాగే అరిచింది. అవ్వ మాత్రం ఒకటే అడిగింది.

"నాటితే ఎన్నేండ్లకు కాపొస్తాది?"

"ఏడెనిమిదేళ్ళు పడతాదంట."

"మామిడి నయం" అని మళ్ళీ చెనక్కాయలు అందుకుంది.

అప్పుడు అఫిడవిట్ తీసి చదివి వినిపించాను. ఎం. రేవతి అన్నా, రేవతి అని ఇంకో పేరుతో కలిపి అన్నా ఒకరే అని. ఆ ఇంకో పేరు చదివేసరికి అవ్వ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పేసుకుంది.

అవ్వ తాత పేరు ఎప్పుడూ పలకలేదు. పలకకపోవడమంటే మామూలుగా కాదు. మునక్కాయను "పులుసులో వేసే పొడుగు కాయ" అంటుంది. మునగాకును ఉత్త "ఆకు" అంటుంది. కూరగాయల బండి వాడికి ఆ భాష అలవాటైపోయింది. రేషన్ కార్డు పనికి పోయినప్పుడు భర్త పేరడిగితే నా వైపో నాయన వైపో చూస్తుంది.

"ఆడ కాలేజీలో అందరూ నిన్ను ఆ పేరుతోనే పిలుస్తారా?"

"అవును. క్లాసులో, వార్డులో అంతా అదే. నా పేరు ఎవరికీ పట్టదు."

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తాత రుయా ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల మాట ఎత్తింది. తెల్లారి డ్యూటీ మారగానే నర్సు వచ్చి మంచం పట్టీ మీద తట్టి గట్టిగా పేరు పెట్టి పిలిచేదట. రెండు మూడుసార్లు పిలిస్తే తాత కళ్ళు తెరిచేవాడట. మనిషికి స్పృహ ఉందో లేదో చూడడానికి మొదట చేసేది అదే అని నాకు తెలుసు, చదివాను. "ఆ పిల్ల పిలిస్తే పలికినాడు" అంది అవ్వ. "నేను పక్కనే ఉన్నా. నేను యెట్ల పిలుస్తాను?"

చెనక్కాయ తొక్కలు చేటలోకి ఎత్తింది. నేనేమీ అనలేదు.

తొమ్మిదింటికి అక్క వీడియో కాల్. మనకు తొమ్మిదిన్నర గంటలు వెనక కాబట్టి అక్కడ పొద్దున పదకొండున్నర. ఆగస్టు రెండో సోమవారం కార్నివాల్ అట, ఒళ్ళంతా నల్ల నూనె పూసుకుని, తలకు కొమ్ములు పెట్టుకుని, గొలుసులు ఈడ్చుకుంటూ తిరుగుతారట, జాబ్ జాబ్ అంటారట. అమ్మ తొంగి చూసి "మన గంగజాతరలో తోటి వేషం మాదిరే ఉండాదే, బొగ్గుకు బదులు నూనె" అంది. ఇన్నాళ్ళలో అమ్మ ఆ దేశం గురించి బాగుందన్నట్టు మాట్లాడిన మొదటి మాట.

ఫోను అవ్వ చేతిలో పెట్టాను. అంతలో అక్క వెనక ఇంటి ఓనరు కనపడింది. అవ్వ వయసే ఉంటుంది, తలకు పువ్వుల గుడ్డ చుట్టుకుంది. అక్క నన్ను చూపించి ఏదో చెప్పింది. ఆమె తెర దగ్గరికి వంగి గట్టిగా, నవ్వుతూ పిలిచింది.

"మిస్ మూన్‌సామీ! యువర్ రూమ్ ఈజ్ రెడీ!"

అవ్వ మంచం మీద చాపుకున్న కాళ్ళు గబుక్కున కిందికి దించి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.