చెరకు రైతుతో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కి

ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బ చూసి వచ్చినప్పటి నుంచి తిరుపతిలో ఎవరు కనిపించినా అడిగేది ఒకటే. "ఆ పగడాల దిబ్బ చచ్చిపోయిందంట కదా, అంత డబ్బు పోసి ఏం చూసొచ్చారు?" అని. ఇంకొందరేమో "అదంతా ఉత్త ప్రచారం, పగడాలు మళ్లీ పెరిగాయని పేపర్లో వచ్చింది" అంటారు. తమాషా ఏంటంటే రెండు మాటలకీ ఎంతో కొంత ఆధారం ఉంది. ఒక్క ముక్కలో చెప్పలేక ఇది రాస్తున్నా.

చెల్లెలు, బావ బ్రిస్బేన్‌లో ఉంటారు. నాయనని తీసుకుని చెన్నై, సింగపూర్ మీదుగా అక్కడికి చేరి, నాలుగు రోజులు తిని పడుకుని, తర్వాత అందరం ఆ దిబ్బకి దగ్గర్లో ఉన్న కెయిర్న్స్ ఊరికి ఇంకో విమానం ఎక్కాం. మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. చిత్తూరు పక్క పల్లెలో ఏళ్ల తరబడి చెరకు వేసి, ఫ్యాక్టరీ మూతపడ్డాక గానిగ పెట్టి బెల్లం వండి, చివరికి అందరిలాగే మామిడికి మారిన మనిషి. కెయిర్న్స్‌లో దిగాక అందరూ సముద్రం ఏ పక్కన అని చూస్తుంటే ఈయన కళ్లు మాత్రం రోడ్డుకి రెండు పక్కలా ఉన్న చెరకు మీద పడ్డాయి.

మేం వెళ్లింది సెప్టెంబరులో. అక్కడ జూన్ నుంచి నవంబరు దాకా చెరకు ఆడే కాలం. ఊరికి దక్షిణంగా గోర్డన్‌వేల్ అనే చోట పెద్ద చక్కెర మిల్లు ఉంది, తోటల నుంచి అక్కడికి చెరకు తోలడానికి బుల్లి రైళ్లు. ఒక రైలు రోడ్డు దాటుతుంటే కారు ఆపాం, నాయన దిగి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. యంత్రం కోసి పోయిన చేలో ఆకంతా నేల మీదే పరిచి ఉంది. "తగలబెట్టరా?" అని అడిగాడు. ఈ పక్క చాలామంది తగలబెట్టరంట. ఆకు అలా కప్పి ఉంటే వానలకి మట్టి కొట్టుకుపోదు. ఆ మట్టి, దాంతో పాటు ఎరువు, ఏటిలో పడి సముద్రంలోకి పోతే పగడాలకి చేటు అని బావ చెప్పాడు. నాయన నమ్మలేదు. (చెరకు పురుగుని తింటుందని 1935లో హవాయి నుంచి కప్పలు తెచ్చి వదిలింది కూడా ఈ గోర్డన్‌వేల్ పక్కనే. పురుగు పోలేదు, ఆ విషపు కప్పలు మాత్రం ఇప్పుడు దేశం ఉత్తర భాగంలో చాలా దూరం పాకాయి.)

మర్నాడు గ్రీన్ ఐలాండ్. పడవలో ముప్పావు గంట ప్రయాణం. నాయనకి ఈత రాదు కాబట్టి అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించాం. అక్కడ విన్నాక గానీ బావ మాట ఆయనకి ఎక్కలేదు. ఒళ్లంతా ముళ్లుండే ఒక నక్షత్ర చేప ఉంది, పగడాల మీద పాకుతూ వాటిని తినేసి తెల్లటి ఎముక మిగిలిస్తుంది. అది ఉప్పెనలా విరుచుకుపడటం ఈ రీఫ్‌లో మొదట నమోదైంది 1962 ప్రాంతంలో, సరిగ్గా ఈ దీవి దగ్గరే. ఒక్కో ఆడది లక్షల్లో, కోట్లలో గుడ్లు పెడుతుంది. పొలాల నుంచి వచ్చే నత్రజనితో సముద్రంలో కంటికి కనపడని నాచు పెరుగుతుంది, దాన్ని తిని ఆ పిల్లలు ఎక్కువగా బతుకుతాయని శాస్త్రవేత్తల్లో చాలామంది అభిప్రాయం. ఇప్పుడు డైవర్లు ఒక్కొక్కదాన్నీ వెతికి సూది పొడిచి చంపుతున్నారు, మామూలు వెనిగర్ ఎక్కించినా చస్తుందట. నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మనం వేసే యూరియాలో చెరకు తినేదెంత, ఏట్లో పోయేదెంత అని ఎప్పుడన్నా అనుకున్నామారా" అన్నాడు.

ఆ తర్వాతి రోజు దూరంగా ఉన్న బయటి దిబ్బకి వెళ్లాం. గంటన్నర పైనే పడుతుంది, గాలి కూడా గట్టిగా ఉంది, చెల్లెలు అల్లం మాత్రలు మింగి కూడా సంచి పట్టుకునే కూర్చుంది. నీళ్లలోకి తల పెట్టగానే నాకు కొంచెం నిరాశే. ఫోటోల్లో ఉండే ఆ గులాబీలూ ఊదాలూ ఏవీ, ఎక్కువ భాగం గోధుమరంగే. పడవలో ఉన్న జీవశాస్త్రం అమ్మాయి నవ్వి, గోధుమరంగు కనిపిస్తే సంతోషించండి అంది. పగడం అంటే రాయి కాదు, ప్రాణమున్న జీవి. దాని లోపల కాపురం ఉండే నాచు రంగు అది, పగడానికి తిండిలో ఎక్కువ భాగం పెట్టేది ఆ నాచే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం నాచుని బయటికి తోసేస్తుంది, కింద ఉన్న తెల్లటి సున్నపు ఎముక కనిపిస్తుంది. వెంటనే చావదు. వేడి తగ్గితే నాచు తిరిగొస్తుంది, తగ్గకపోతే ఆకలితో పోతుంది.

మళ్లీ దిగి ఒక్క చోటే ఉండిపోయా. జింక కొమ్ముల్లా చీలిన పగడం ఒకటి, కొమ్మల చివర్లు లేత రంగులో ఉన్నాయి, అది పెరుగుతున్న గుర్తట. మొదలు మాత్రం చచ్చిపోయి, మీద పాకుడు పట్టి ఉంది. కొమ్మల మధ్య వేలెడంత చేపలు, నా చెయ్యి కదిలితే అన్నీ ఒకేసారి లోపలికి దూరేవి. దగ్గర్లో చిలక చేప ఒకటి రాతిని కొరుకుతుంటే ఆ పటపట చప్పుడు నీళ్లలో కూడా స్పష్టంగా వినిపించింది.

ఇక "పెరిగింది" అనే మాట సంగతి. ఈ రీఫ్ పొడవు 2,300 కిలోమీటర్లు, దీన్ని కాపాడటానికి పెట్టిన మెరైన్ పార్కులో మన ఆంధ్రప్రదేశ్ రెండు పడతాయి, అందుకే ఒక చోట చూసి మొత్తానికి తీర్పు చెప్పలేం. టౌన్స్‌విల్‌లోని ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ నలభై ఏళ్లుగా సర్వే చేస్తోంది. 2022లో ఉత్తర, మధ్య భాగాల్లో గట్టి పగడాలు ఎప్పుడూ లేనంతగా కనిపించాయి, పేపర్లో వచ్చింది ఆ కబురే. 2024 నుంచి 2025 సర్వేకి వచ్చేసరికి, గట్టి పగడాలు కప్పి ఉన్న భాగం ఉత్తరాన దాదాపు 40 శాతం నుంచి 30కి, దక్షిణాన 39 నుంచి 27కి పడిపోయింది. ఎందుకంటే 2022 నాటికి తిరిగి వచ్చినవాటిలో ఎక్కువ భాగం గబగబా పెరిగే కొమ్ముల జాతి. వేడికి, తుఫానుకి, ఆ నక్షత్ర చేపకి ముందు బలయ్యేది అదే. ఇది విని నాయన "చేను పచ్చగా ఉండాదంటే చాలదు రా, గడ్డి పెరిగినా పచ్చగానే ఉంటాది" అన్నాడు. నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా ఇంత సులువుగా అర్థం కాలేదు.

నాకు టెన్షన్ పుట్టించింది ఆ శాతాల కన్నా ఏళ్ల వరస. పెద్ద ఎత్తున తెల్లబడటం మొదట 1998లో, తర్వాత 2002లో. మళ్లీ 2016, 2017, 2020, 2022, 2024, 2025. గబగబా పెరిగే జాతి కోలుకోవడానికే పదేళ్లు కావాలి, ఇక్కడ ఈ మధ్య రెండు మూడేళ్లకి మించి దొరకడం లేదు. ఎరువు తగ్గించడం, నక్షత్ర చేపల్ని చంపడం, చేపల వేట ఆపిన చోట్లు పెంచడం (2004 నుంచి పార్కులో మూడో వంతు అలాంటిదే), వేడి తట్టుకునే పగడాల్ని పెంచి నాటడం, అన్నీ చేస్తున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ భూమి వేడి 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలో పగడాల దిబ్బలు 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే 99 శాతం పైనే పోతాయని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2018లోనే చెప్పింది. ఆ లెక్క బొగ్గు, పెట్రోలు దగ్గర తేలాలి, గోర్డన్‌వేల్ రైతు ఒక్కడి చేతిలో లేదు. మేం ఎక్కిన విమానాలు కూడా ఆ లెక్కలోవే, దాచేదేముంది.

ఊళ్లో నాయన ఇదంతా ఎరువుల కొట్టు దగ్గర చెప్తే "మనకి యూరియా బస్తా దొరకడమే గగనం, సముద్రం దాకా యాడ పోతాది సామీ" అని నవ్వారంట.

వెళ్లాలనుకునేవాళ్లు జూన్, అక్టోబరు మధ్య పెట్టుకోండి. నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీ చేపలుంటాయి, ఒంటి నిండా సూటు వేసుకోవాలి. టికెట్‌తో పాటు పార్కు కోసం మనిషికి రోజుకి కొన్ని డాలర్లు తీసుకుంటారు. తోడు వచ్చేది చెరకు రైతైతే మిల్లు దగ్గర ఒక పూట పట్టుద్ది, మా నాయనని అక్కణ్ణించి కదిలించడానికి బావ తల ప్రాణం తోకకొచ్చింది.