పోపు పెట్టినందుకు ఎడిన్‌బరాలో విచారణ

గ్లాస్గోలో మా చెల్లెలి ఇంట్లో మధ్యాహ్నం అంటే టీవీయే. చెల్లెలూ మరిదిగారూ పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోతారు. బయట వాన. ఇండియా నుంచి పిల్లల దగ్గరికో తోబుట్టువుల దగ్గరికో వచ్చి ఉన్నవాళ్ళకి ఈ మధ్యాహ్నాల సంగతి నేను చెప్పక్కర్లేదు. పన్నెండున్నరకి ‘లూజ్ విమెన్’ వస్తుంది. నలుగురు ఆడవాళ్ళు బల్ల వెనకాల వరసగా కూర్చుని, ముందు కప్పులు పెట్టుకుని, మొగుళ్ళ గురించీ మెనోపాజ్ గురించీ ఆ వారం పేపర్లో పడ్డ గొడవల గురించీ మాట్లాడుకుంటారు. 1999లో మొదలైన షో, ఇంకా నడుస్తూనే ఉంది. మొదట్లో యాస అంతుపట్టక ఊరికే ముఖాలు చూసేదాన్ని. పోనుపోను ముఖాలు చూస్తే చాలనిపించింది. యాంకరమ్మ తల కాస్త పక్కకి వాల్చిందంటే ఏడుపు కథ రాబోతోంది. తల మళ్ళీ నిటారుగా అయిందంటే అడ్వర్టైజ్‌మెంట్లు.

మా చెల్లెలి కొడుకు ఎడిన్‌బరాలో చదువుతున్నాడు. నా టీవీ పాండిత్యం విని, “పెద్దమ్మా, నీకు సరిపోయే షో ఒకటుంది. ఇవే ప్రోగ్రాములని వెక్కిరిస్తారు. స్క్రిప్టు ఉండదు, అప్పటికప్పుడు అల్లేస్తారు. శనివారం వచ్చెయ్” అన్నాడు. ఆగస్టు నెల కాబట్టి అక్కడ ఫ్రింజ్ అనే కళోత్సవం నడుస్తోంది.

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్‌కి రైల్లో సుమారు యాభై నిమిషాలు. మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో గానీ ఆ రోజు పెట్టెలో సగం మంది వేషాల్లోనే ఉన్నారు. నా ఎదురుగా కూర్చున్నాయన ముఖానికి వెండి రంగు పూసుకుని శాండ్‌విచ్ తింటున్నాడు.

1947లో, యుద్ధం ముగిసిన కొత్తలో, ఎడిన్‌బరాలో అంతర్జాతీయ కళోత్సవం మొదలైంది. దానికి ఎవరూ పిలవని 8 నాటక బృందాలు వచ్చి, దొరికిన చోట ఆడుకున్నాయి. ఫ్రింజ్ పుట్టుక అదే. ఇప్పటికీ ఎంపిక కమిటీ లేదు. గది దొరికితే ఎవరైనా ఆడొచ్చు. ఆ గది దొరకడమే కష్టం కాబట్టి పబ్బులూ చర్చిలూ క్లాసు రూములూ నేలమాళిగలూ అన్నీ నాటకశాలలే. రాయల్ మైల్ అనే పాత వీధిలో నడుస్తుంటే ప్రతి రెండడుగులకీ ఒకరు కరపత్రం చేతిలో పెడతారు. వద్దనడం నాకు చేతకాదు. కాసేపటికి నా సంచిలో గొడుగుకి చోటు లేదు.

ఊరి కట్టడం విచిత్రంగా ఉంది. మ్యాప్‌లో కౌగేట్ అనే వీధీ సౌత్ బ్రిడ్జీ ఒకదాన్నొకటి దాటుతున్నట్టు కనిపిస్తాయి. తీరా వెళ్తే ఆ వీధి మన కాళ్ళ కింద ఎక్కడో ఉంటుంది. బ్రిడ్జి అంటే నది మీద అనుకుంటాం, ఇక్కడ వీధి మీద వీధి. 1788లో పూర్తయిన ఆ సౌత్ బ్రిడ్జికి 19 కమాన్లున్నా బయటికి కనిపించేది ఒక్కటే. మిగతావాటికి అటూ ఇటూ భవనాలు కట్టేస్తే లోపలవన్నీ చీకటి గదులైపోయాయి. మేం మెట్లు దిగి వెళ్ళింది ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక పబ్బు కింది గదికి. చెమ్మ వాసన, పాత బీరు వాసన. మధ్యాహ్నం రెండున్నర, లోపల మాత్రం అర్ధరాత్రి.

టికెట్టు లేదు. ముందు వరస ఖాళీగా ఉంటే మా వాడు నన్ను అక్కడే కూర్చోబెట్టాడు. వాడి ఉద్దేశం నాకు అప్పుడు తెలియదు.

స్టేజీ మీద ఒక సోఫా, ప్లాస్టిక్ మొక్క, నాలుగు కప్పులు. ముఖం నారింజపండు రంగులో మెరిసేలా మేకప్ వేసుకున్న యాంకర్ వచ్చాడు. చేతిలో కార్డుల కట్ట. వాటిని తిప్పి మాకు చూపించాడు, అన్నీ తెల్లకాగితాలే. “ఇవాళ్టి అతిథులు ఎవరో నాకు తెలియదు. పాపం, వాళ్ళకీ తెలియదు. మీ ఇళ్ళలో తీరని తగాదాలు ఏమున్నాయో చెప్పండి” అని తల పక్కకి వాల్చాడు. నాకు ఆ వాలు చూడగానే నవ్వొచ్చింది. రోజూ చూస్తున్న తలే అది!

ఒక పెద్దాయన, పక్కింటివాళ్ళ కంచె మొక్కలు ఏపుగా పెరిగి తన పెరట్లోకి ఎండ రానివ్వట్లేదన్నాడు. ఒకమ్మాయి, తన బాయ్‌ఫ్రెండ్ వాడేసిన టీ బ్యాగులు సింకులోనే వదిలేస్తాడంది. ఇంతలో మా వాడు చెయ్యెత్తి, “మా పెద్దమ్మ పోపు పెట్టినప్పుడల్లా ఇంట్లో స్మోక్ అలారాలన్నీ మోగుతాయి” అనేశాడు.

హాలంతా గొల్లుమంది. దానికి కారణం ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లండ్‌లో ప్రతి ఇంట్లోనూ అలారాలు ఒకదానితో ఒకటి కలిపి ఉండాలని నిబంధన. హాల్లోది మోగితే మెట్ల దగ్గరదీ, వంటింట్లోదీ అందుకుంటాయి. అక్కడున్న ప్రతివాళ్ళూ ఈ బాధ పడ్డవాళ్ళే.

“అలారం గారిని పిలుద్దాం” అన్నాడు యాంకర్. ఒక పొడుగాటి నటుడు వచ్చి సోఫాలో ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపు మౌనం. తరవాత సన్నటి గొంతుతో, “నేను ఆ ఇంటిని ప్రేమించాను” అన్నాడు. “ఆవిడ ఆవాలు వేసింది. నాకు భయమేసి అరిచాను. ఆవిడ నన్ను తువ్వాలుతో కొట్టింది.”

యాంకర్ మైకు పట్టుకుని మెట్లెక్కినట్టు నటిస్తూ నా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, నిజం చెప్పండి. తువ్వాలు ఊపారా?”

“ఊపాను” అన్నాను. ఊపాను కదా మరి.

ప్రేక్షకులు “ఊఊ” అని మూలిగారు. అలారం వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు పైస్థాయికి వెళ్ళేసరికి తెర వెనకనుంచి ఇంకో ముగ్గురు అదే శ్రుతిలో అందుకున్నారు. అవి మిగతా గదుల అలారాలన్నమాట. అక్కణ్ణుంచి ఎవరు గొంతు పెంచినా నాలుగూ కలిసి మోగడమే.

మధ్యలో బ్రేకు. ఇద్దరు ముందుకొచ్చి, యాభై దాటినవాళ్ళకి జీవిత బీమా అమ్మారు, చేరితే పెన్ను ఉచితం. ఇక్కడ మధ్యాహ్నం టీవీ చూసేవాళ్ళు ఎవరని కంపెనీలు అనుకుంటాయో ఆ అడ్వర్టైజ్‌మెంట్లు చూస్తే తెలిసిపోతుంది. నాకే గురి పెట్టినట్టుంటుంది. తరవాత ఫోన్ పోటీ: స్కాట్లండ్ రాజధాని ఏది? ఎడిన్‌బరా, మంగళవారం, ఉడకేసిన బంగాళాదుంప. అసలు షోల్లో ప్రశ్నలు ఇంతకంటే పెద్ద కష్టంగా ఉండవు. పోటీకి వచ్చే కాల్ చార్జీల కోసమే కదా ఆ ప్రశ్నలు.

ఒక దశలో టీ బ్యాగు వేషం వేసినమ్మాయికి మాట తోచక బిగుసుకుపోయింది. వెంటనే ఇంకొకతను వచ్చి, “అవును, ఈవిడ మూడు రోజులుగా సింకులోనే ఉంది, మాట పడిపోయింది, నేను డాక్టర్ని” అన్నాడు. ఎదుటివాడు ఏమన్నా కాదనకూడదు, అవునని దానికి ఇంకొకటి చేర్చాలి. ఈ ఆటకి ప్రాణం ఈ నియమమే. తడబాటు కూడా కథలో ముక్క అయిపోతుంది.

చివర కవరు వచ్చింది. లై డిటెక్టర్ ఫలితమో డీఎన్‌ఏ ఫలితమో చేత్తో పట్టుకుని, చెప్పకుండా చెప్పకుండా సాగదీసే కవరు. అలారానికి కన్నతండ్రి పెద్దాయన పక్కింటి కంచె అని తేలింది. తండ్రీకొడుకులు కావలించుకున్నారు. ఆ ఆనందంలో ఆవాలు చిటపటలాడి కంచెకి నిప్పంటుకుంది. సింకులోంచి తడి టీ బ్యాగు ఎగిరి వచ్చి ఆర్పేసింది. సరిగ్గా గంటసేపు అయింది.

అష్టావధానాలు చూస్తూ పెరిగినదాన్ని. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డంగా ఏదో అడుగుతాడు, అవధాని క్షణం ఆలస్యం కాకుండా చమత్కరిస్తాడు, చివర ధారణలో అందరి పద్యాలూ ఒప్పజెప్తాడు. కంచే, టీ బ్యాగూ, ఆవాలూ చివర్లో ఒక్కచోటికి చేరినప్పుడు నాకు ధారణే గుర్తొచ్చింది. ఎప్పుడో మొదట్లో పడేసిన ముక్కని మరిచిపోకుండా తెచ్చి కలిపితే జనం చప్పట్లు కొట్టకుండా ఉండలేరు, అక్కడైనా ఇక్కడైనా. కాకపోతే అవధాని ఒక్కడే నెగ్గాలి, తడబడితే పరువు పోతుంది. వీళ్ళలో ఒకరు పడితే ఇంకొకరు పట్టుకుంటారు.

బయటికి వెళ్ళేచోట అలారం గారు బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటి ఉచిత షోలకి తోచినంత అందులో వెయ్యడం పద్ధతి. “సారీ” అన్నాను. “మీ ఆవాల మీద నాకు కోపం లేదు” అన్నాడు.

నికల్సన్ స్క్వేర్ దగ్గర మాస్క్ (అంటే మసీదు) కిచెన్ అనే హోటల్లో అన్నం, కూర తింటూ మా వాడు చాలా సంగతులు చెప్పాడు. బ్రిటన్‌లో 1968 దాకా ఏ నాటకమైనా రాజకొలువు అధికారి అయిన లార్డ్ చాంబర్లేన్ ఆఫీసుకి ముందుగా రాతప్రతి పంపి అనుమతి తీసుకుని ఆడాల్సిందేనట. రాతే లేని ఆశుహాస్యానికి అనుమతి ఎలా వస్తుంది? లండన్‌లో కీత్ జాన్‌స్టన్ అనే ఆయన దీన్ని నటనా పాఠం పేరుతో జనం ముందు చేసి చూపించేవాడు. పాఠాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వితే ఎవరేం చేస్తారు!

నాకు మాత్రం ఆ కవరు మీదే ధ్యాస ఉంది. ‘జెరెమీ కైల్ షో’ అని 2005 నుంచి ఐటీవీ ఛానల్లో పొద్దుటిపూట వచ్చేది. భార్యాభర్తల అనుమానాలూ తండ్రి ఎవరన్న తగువులూ స్టేజీ మీద కవరు చించి తేల్చేవారు. 2007లోనే ఒక జడ్జి దాన్ని, కట్టేసిన ఎలుగుబంటి మీదికి కుక్కల్ని ఉసిగొల్పే పాతకాలపు వినోదంతో పోల్చాడు. 2019లో, లై డిటెక్టర్ పరీక్షలో తప్పాడని తేల్చిన ఒక అతిథి షూటింగ్ అయిన కొద్ది రోజులకే చనిపోయాడు. షో ఆపేశారు. మన ‘బతుకు జట్కా బండి’ చూసినవాళ్ళకి ఈ తరహా కొత్తేమీ కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఏడుపు నిజం, అదే అక్కడ సరుకు.

“ఇంకోటి విను పెద్దమ్మా” అన్నాడు మా వాడు. 1999లో బీబీసీలో వెనెసా ఫెల్ట్స్ షోకి వచ్చిన అతిథుల్లో కొందరు బాధితులే కారని, వేషం కట్టి వచ్చినవాళ్ళని పేపర్లో బయటపడింది. ఆ షో కూడా ఆ ఏడాదే పోయింది. నిజం షోలో ఉత్తుత్తి మనుషులు. నేను చూసిన ఉత్తుత్తి షోలో తువ్వాలు నిజం, పోపు నిజం, కంచె నిజం. అందుకే అక్కడ మనసారా నవ్వగలిగాను. తిట్లూ ఏడుపులూ నటుడే మీద వేసుకున్నాడు, నా తగాదా నా దగ్గరే భద్రంగా ఉంది.

రాత్రి వాడి గదిలో లాప్‌టాప్‌లో ‘మిసెస్ మెర్టన్’ అనే పాత టీవీ షో ముక్కలు చూశాం. కేరొలైన్ అహెర్న్ ముప్పై దాటిందో లేదో అన్న వయసులో ముసలమ్మ వేషం కట్టి, నిజం సెలబ్రిటీలని ఇంటర్వ్యూ చేసేది. ఇంద్రజాలికుడు పాల్ డేనియల్స్ భార్యని ఆవిడ అడిగింది: కోటీశ్వరుడైన పాల్ డేనియల్స్‌లో మీకు మొట్టమొదట నచ్చిందేమిటి? అంత అమాయకంగా అడిగితే కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకదు. ‘కుమార్స్ ఎట్ నంబర్ 42’ కూడా కాస్త చూశాం. లండన్ వెంబ్లీలో ఉండే ఇండియన్ కుటుంబం ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టి, వచ్చిన సినిమావాళ్ళని ప్రశ్నల్తో వేధిస్తుంటుంది. మన ఇళ్ళకి పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళని అడిగే ప్రశ్నలే అవి. మీరా స్యాల్ వేసిన బామ్మ పాత్ర కోసమైనా చూడాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. ఫ్రింజ్ ఆగస్టులోనే, మూడు వారాలకి పైగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎడిన్‌బరాలో హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి కాబట్టి గ్లాస్గోలో దిగి రైల్లో వచ్చిపోవడం మేలు. కౌగేట్‌కి దిగే మెట్లు వానకి జారుతాయి, మంచి బూట్లు వేసుకోండి. బకెట్లో వెయ్యడానికి కాసిని నోట్లు దగ్గరుంచుకోండి. ముందు వరసలో కూర్చుంటే మాత్రం మీ ఇంటి తగాదా ఏదో మీరే ఎంచుకుని ముందే చెయ్యెత్తండి. పక్కనున్న మనవాళ్ళకి ఆ అవకాశం ఇవ్వకండి.