బారువ ఒడ్డున ఒక తెల్లవారుజాము

శ్రీకాకుళం జిల్లా సోంపేట స్టేషన్‌లో దిగేసరికి ఇంకా చీకటే. ఆటో పట్టుకుని బారువ చేరాను. మార్చి నెలాఖరు. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లడం చూడాలని ఏళ్లుగా కోరిక.

ముందు కనిపించింది మాత్రం చచ్చిపోయిన పెద్ద తాబేలు. కళ్లు ఉబ్బి, పెంకు మీద ఇసుక పేరుకుని ఉంది. తాబేలు సముద్రంలోనే బతికినా ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్ అనే మర బోటు ఈడ్చే వలలో చిక్కుకుంటే పైకి రాలేక మునిగి చస్తుంది. వలలోంచి తాబేలు బయటపడేలా దారి వదిలే పరికరం ఎప్పుడో వచ్చింది. దాన్ని బిగిస్తే కొన్ని చేపలు పోతాయని చాలామంది బిగించరు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

కాస్త ముందుకు నడిస్తే తాబేలు గుడ్లు పొదిగించే హేచరీ. అంటే వల కట్టిన చిన్న ఆవరణ. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా గుడ్లను తెచ్చి ఇక్కడ మళ్లీ పాతిపెడతారు. ఒక్కో గూటిలో వందకు పైగా గుడ్లు; 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక బాగా వేడెక్కితే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ.

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయనను అడిగాను: "ఒడిశాలో తాబేళ్లు గుడ్లు పెట్టే గహిర్మాథను 1997లో సముద్ర అభయారణ్యం చేశారు కదా, ఇక్కడా చేస్తే బాగుంటుంది కదా తాతా?"

"బోర్డెట్టి మమ్మల్నే గెంటేస్తే ఏటి తినాల బావూ? మర బోట్లు ఒడ్డు దగ్గరకి రాకుండా సూడండి సాలు. మా వల్లో తాబేలు పడితే వల కోసి వదిలేస్తాం."

నిజమే. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మర బోట్లు వేటాడకూడదన్న నిబంధన ఇప్పటికే ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కూడా ఉంది. కానీ తాబేళ్లు గుడ్లకు ఒడ్డు చేరేది అంతకు ముందే, జనవరి నుంచి మార్చి దాకా. రక్షిత ప్రాంతం గీయాలంటే ఈ నెలలు, ఈ 8 కిలోమీటర్లు, ఇలాంటి తాతల మాట, మూడూ కలవాలని నాకు గట్టిగా అనిపించింది.

వెలుగు వస్తుండగా బుట్టలోంచి పిల్లల్ని ఇసుక మీద వదిలారు. అరచేతిలో పట్టేంత ప్రాణాలు. కెరటం రెండుసార్లు వెనక్కి తోసినా ఒకటి మళ్లీ మళ్లీ నీళ్లలోకే పాకింది.

తిరిగి వస్తుంటే ఆ పెద్ద తాబేలు పక్కన ఇద్దరు కుర్రాళ్లు గొయ్యి తవ్వుతున్నారు. నేనూ వంగి ఇసుక తోడాను.